కుంకుమభరిణలోని డాంగిలు

ఇరుగుపొరుగు ఇండ్లతో ఇచ్చిపుచ్చుకొనుట మన గృహిణులకు క్రొత్త గాదు. తోడు పెట్టుటకు చెంచాడు మజ్జిగ, పోపునకు రెండు రెమ్మల కరివేపాకు, పండుగనాడు పెద్ద గంగాళము, పేరంటమునాడు తివాచీ, ఇవి ఒక యింటినుండి మఱియొక యింటికి నడచుచునే యుండును. అడిగినవారికి చిన్నతనము లేదు. ఇచ్చినవారికి గొప్పతనము లేదు. ఈ వ్యాసమున మేము వ్రాయబూనిన వస్తువును అట్లు ఇచ్చిపుచ్చుకొన దగినదే. అది బొటనవ్రేలి గోరుకంటె కొంచెము పెద్దది. వెల 450 రూపాయలు. దాని పేరు యు.ఎస్.బి. వై-ఫై అడాప్టరు, బజారున దానిని డాంగిలు అందురు. ఇంత చిన్న వస్తువు మూలమున మేము నేర్చుకొన్నది రెండు విధములు. ఒకటి యంత్రమును గుఱించినది. రెండవది మమ్ము గుఱించినది. రెండవది చెప్పుటకు సిగ్గుగానే యున్నను, సోదరీమణులకు ఉపయోగపడునను తలంపుతో రెంటిని వ్రాయుచున్నాము.

ఆ సంవత్సరము 2020. మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. పాఠశాలలు మూతపడెను. వేసవి గడచునప్పటికి పాఠములు కంప్యూటరు తెఱలమీదికి ఎక్కెను. మా కాపురము కాకినాడలో. మా యమ్మాయి అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. మా వారు విద్యుచ్ఛాఖ యుద్యోగి యగుటచే ఊరంతయు తలుపులు మూసికొన్న దినములలోను వారికి సెలవు లేకుండెను. వారితోబాటు వారి ఫోనును వెడలిపోవుచుండెను. మా ఫోను పాతది. దానిలో పాఠము వినినచో రెండవ గంటకు చార్జి యయిపోవును. పిల్లకు కన్నులు నొచ్చును. వెనుక గదిలో 2011లో కొన్న డెస్క్‌టాపు కంప్యూటరు ఒకటి దుప్పటి కప్పుకొని యుండెను. తెఱ పెద్దది, పని చక్కగా చేయును. లోపమెల్ల ఒక్కటియే: దానిలో వై-ఫై లేదు. ఇంటర్నెట్టు రౌటరు ముందు హాలులో నున్నది. కంప్యూటరు వెనుక గదిలో నున్నది.

మొదట మేము హాలునుండి ఆ గదివఱకు పొడుగాటి తీగ లాగించితిమి. అది రెండు గడపలు దాటి, వంటయింటి గుమ్మము నొరసికొని పోవుచుండెను. ఒకనాడు తెల్లవాఱుజామున మా యత్తగారు దేవుని గదికి పోవుచు, ఆ తీగ కాలికి తగిలి తూలిరి. గోడ పట్టుకొనిరి గావున గండము గడచినది. ఆ తీగను ఆ పూటయే చుట్టి యటకమీద పడవైచితిమి. దుకాణమునకు ఫోను చేయగా, “పాతదానితో పని జరుగదమ్మా! క్రొత్త లాప్‌టాపు తీసికొనుడు, 35,000 అగును” అనిరి. ఆ నెలలలో అంత సొమ్ము ఎక్కడనుండి తేగలము? అప్పుడు హైదరాబాదులో నున్న మా తమ్ముడు ఫోనులో, “అక్కా, అంత సొమ్మేల? డాంగిలు ఒకటి తెప్పించుకో. కంప్యూటరునకు గ్రుచ్చినచో చాలును” అని చెప్పెను.

నాలుగు దినములకు డాంగిలు వచ్చెను. పెట్టె పెద్దది, వస్తువు చిన్నది. మా యత్తగారు దానిని అఱచేతిలో నుంచుకొని చూచి, “ఇంతమాత్రమునకు 450 రూపాయలా, అమ్మాయీ? ముక్కుపుడకవలె నున్నది. ఊడ్చునప్పుడు చెత్తలో పోవును సుమా!” అని, తమ పాత యిత్తడి కుంకుమభరిణను కడిగి తుడిచి మాకిచ్చిరి. నాటినుండి డాంగిలు పనిలేని వేళలందు ఆ భరిణలోనే యుండును.

అది చేయు పనిని మేము తెలిసికొన్నంతలో చెప్పెదము. రౌటరు మన మాటలను, బొమ్మలను రేడియో తరంగములుగా మార్చి యిల్లంతయు వెదజల్లును. డాంగిలు లోపల సన్నని ఏంటెన్నా, చిన్న చిప్పు ఉండును. ఏంటెన్నా తరంగములను పట్టును. చిప్పు వానిని కంప్యూటరునకు తెలియు అంకెలుగా మార్చి లోపలికి పంపును. కంప్యూటరు చెప్పినదానిని మరల తరంగములుగా మార్చి రౌటరునకు చేర్చును. ఈ తరంగములు కంటికి కనబడవు గాని గోడలు దాటగలవు. 1895 ప్రాంతమున కలకత్తాలో జగదీశచంద్రబోసుగారు ఇట్టి తరంగములను గోడ దాటించి, ఆవలనున్న గంటను మ్రోగించి చూపిరి. వై-ఫైకి మూలమైన 802.11 అను ప్రమాణము 1997లో వెలువడెను. దానికి ముందటి యేడు, 1996లో, యు.ఎస్.బి. ప్రమాణము వెలువడెను. ఈ యు.ఎస్.బి. లేకున్నచో ఒక్కొక్క కంప్యూటరునకు ఒక్కొక్క రీతి రంధ్రము, ఒక్కొక్క రీతి వస్తువు కొనవలసివచ్చెడిది. ఒకే డాంగిలు ఇన్ని యంత్రములలో నిముడుట ఆ ప్రమాణము చేసిన యుపకారము.

అయితే రంధ్రమున నిముడుట వేఱు, పనిచేయుట వేఱు. మా డాంగిలు గ్రుచ్చగానే పాత కంప్యూటరు “ఈ వస్తువును ఎఱుగను” అను భావముగల సందేశము చూపి యూరకుండెను. ఈ రెంటికిని నడుమ మాట కలుపుటకు డ్రైవరు అను ప్రోగ్రాము కావలెనట. అది పెట్టెలోని సీడీలో నున్నది; మా కంప్యూటరునందలి సీడీ అర త్రుప్పు పట్టి తెఱచుకొనదు. ఇంటర్నెట్టునుండి తెచ్చుకొందమన్న, ఇంటర్నెట్టు కొఱకే గదా ఈ పాట్లన్నియు! చేద నూతిలో పడినది. దానిని తీయుటకు చేద పనికిరాదు, పాతాళగరిగె కావలెను. మాకు పాతాళగరిగె యైనది మా పాత ఫోనే. దానిలోనికి డ్రైవరును దింపుకొని, చార్జింగు తీగతోనే కంప్యూటరునకు తగిలించి, లోపలికి నకలు చేసితిమి.

అప్పటికిని దీపము వెలుగలేదు. మఱునాడు మా తమ్ముడు పెట్టెమీది చిన్న యక్షరములను చదువుమనెను. చదువగా అది ఆ డాంగిలులో రెండవ వెర్షను అని తేలెను. ఒకే పేరుతో, ఒకే ఆకారముతో అమ్మెడి వస్తువులోనే వెర్షను మాఱినప్పుడు లోపలి చిప్పు మాఱుట కలదట. చిప్పు మాఱిన డ్రైవరును మాఱును. మేము మొదటి వెర్షనుది తెచ్చియుంటిమి. సరియైనది తెచ్చి పెట్టగా మూడవనాటి సాయంకాలము డాంగిలు కొననున్న పచ్చని దీపము మిణుకుమిణుకుమనెను. మా యమ్మాయి చప్పట్లు కొట్టెను. కంప్యూటరు మరమ్మతు మగవారి పని యని యంతవఱకు మేము గది గడప దాటి యెఱుగము. ఆనాడు అది మా చేతితో జరిగినది.

ఇంకొక చిక్కు మిగిలెను. పాఠము నడుమ నడుమ ఆగిపోవుచుండెను. డాంగిలు కంప్యూటరు వెనుక, ఇనుపపెట్టెకును గోడకును మధ్య నుండుటచే తరంగములు సరిగా నందుట లేదని తెలిసినది. రెండు మూరల యు.ఎస్.బి. పొడిగింపు తీగ తెప్పించి, దాని కొనకు డాంగిలు తగిలించి, వసారావైపు కిటికీ ఊచకు దారముతో కట్టితిమి. హాలునుండి వసారామీదుగా వచ్చు తరంగములకు మందపు గోడ యడ్డు తప్పినది. పాఠము మఱి యాగలేదు. ఆ కిటికీ సంగతి మఱల చెప్పవలసివచ్చును.

ఆ నెలలోనే మా యాడపడుచు తన లాప్‌టాపు పట్టుకొని వచ్చినది. ఆమె యింటినుండియే ఒక కంపెనీ లెక్కలు వ్రాయును. దానిలోపలి వై-ఫై చెడినది. మరమ్మతు దుకాణములు తెఱచుటకు వారము పట్టును. మా డాంగిలు దానికి గ్రుచ్చగా, అందలి విండోస్ 10 ఎవరిని ఏమియు అడుగక తానే గుర్తించినది. లోపలి చెడిన వై-ఫైని సెట్టింగులలో ఆపివేయువఱకు రెండును పెనగులాడెను. ఆపినపిమ్మట హాయిగా నడచెను. సాయంకాలములందు ఆమె తన పని ముగించుకొని, వారము దినములకు వెడలిపోయెను. ఇంటి యాడపడుచునకు ఇచ్చుటలో మాకేమియు కష్టము తోచలేదు.

మా దొడ్డిలో రెండు గదుల చిన్న యిల్లు కలదు. అందొక కుటుంబము కాపురముండెను. ఇంటాయన ఆటో నడపును. ఆయన భార్య మా యింట వంటపనిలో సాయము చేయును. వారి యమ్మాయి ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము చదువుచుండెను. ఆటోలు నడువని యా దినములలో తండ్రి ఎట్లు సమకూర్చెనో గాని, 4,000 రూపాయలు పెట్టి పాత కంప్యూటరొకటి కొని తెచ్చెను. దానిలో విండోస్ లేదు. ఉబుంటు అను ఉచితపు లినక్సు ఉన్నది. మా డాంగిలు దానికి గ్రుచ్చునప్పుడు మాకు మూడు దినముల పాట్లు తలంపునకు వచ్చెను. కాని ఆ యంత్రము క్షణములో దానిని గుర్తించి, ఊరిలోని వై-ఫై పేర్లన్నియు వరుసగా చూపెను. రాలింక్, మీడియాటెక్, ఆథెరాస్ మున్నగువారి చిప్పులు కొన్నిటికి డ్రైవరులు లినక్సులో ముందుగనే చేర్చబడి యుండునట. 40,000 పోసి కొన్న మా కంప్యూటరు మూడు దినములు అలిగి కూర్చుండగా, 4,000ల కంప్యూటరు నవ్వుచు చేయి చాచినది.

నాటినుండి ఏర్పాటు చేసికొంటిమి. ఉదయము తొమ్మిదినుండి పండ్రెండువఱకు డాంగిలు మా యమ్మాయికి. ఒంటిగంటనుండి నాలుగువఱకు దొడ్డియింటి యమ్మాయికి. ఆమె నాలుగున్నరకు భరిణను తెచ్చి గూటిలో నుంచి పోవుచుండెను. ఒక్కనాడైనను ఆలస్యము చేసి యెఱుగదు. నెల దినములు ఇట్లు గడచెను.

శ్రావణమాసమున ఒక శనివారము సాయంకాలము ఆ యమ్మాయి భరిణను ఉంచుచు, “అమ్మగారూ, రేపు ఆదివారము పదిగంటలకు మా కళాశాలవారు గణితపరీక్ష పెట్టినారు. రేపు ఉదయము ఒక్క గంట ఇయ్యగలరా?” అని యడిగెను. మా యమ్మాయికి ఆదివారము పాఠములు లేవు. ఇచ్చుటకు అడ్డంకియే లేదు. కాని ఆ పూటయే మా పుట్టింటివారి బంధువులలో నొక పెండ్లి. ఏబదిమందికి మించి పోరాదను నిబంధన యుండుటచే వివాహమును ఇంటర్నెట్టులో చూపుచుండిరి. ముహూర్తము పదిగంటల యిరువది నిమిషములకు. పెద్ద తెఱమీద చూడవలెనని మేము వారము దినములుగా అనుకొనుచుంటిమి. పెండ్లి చూచుట కొఱకు ఇయ్యజాలమనుటకు నోరు రాలేదు. “అయ్యో, అది మధ్యాహ్నమునుండి పనిచేయుట లేదు, చెడిపోయినట్లున్నది” అని చెప్పితిమి.

ఆమె నాలుగు నిమిషములకు ముందే దానిని తీసి తెచ్చినది! అది చెడలేదని మాకంటె ఆమెకే బాగుగ తెలియును. అయినను ఆమె “అట్లాగా అమ్మగారూ” అని వెడలిపోయెను. మేము చెప్పినది ఎంత తెలివితక్కువ మాటయో మాకు ఆ రాత్రిగాని తోచలేదు. తోచినను, తెల్లవాఱి పిలిచి యిచ్చితిమా యన్న, అదియు లేదు. ఇప్పుడు పిలిచినచో అబద్ధము బయటపడును గదా యని యూరకుంటిమి. ఒక అబద్ధమును కాపాడుటకు మనుష్యులు ఎంత దూరము పోవుదురో అప్పుడు తెలిసెను.

ఆదివారము పట్టుచీర కట్టుకొని, పిల్లతోను, అత్తగారితోను కంప్యూటరు ముందు కూర్చుంటిమి. గౌరీపూజ ముగిసెను. మా యత్తగారు తులసికోట యొద్దకు పోయి తిరిగివచ్చిరి. వచ్చి కూర్చుండలేదు. గుమ్మమునొద్దనే నిలిచి, “అమ్మాయీ, డాంగిలు చెడిపోయినదా?” అనిరి. మేము మాటాడలేదు. “ఆ పిల్ల పంపునొద్ద నిలుచుండి మన కిటికీవైపు చూచుచున్నది. నన్ను చూచి, ‘మామ్మగారూ, డాంగిలు బాగుపడినదా?’ అని యడిగినది” అనిరి.

కిటికీ ఊచకు కట్టిన డాంగిలు కొనను పచ్చని దీపము మిణుకుమిణుకుమనుచునే యున్నది. వసారామీదుగా దొడ్డిలోనికి అది చక్కగా కనబడును. ఆ సంగతి మాకు తట్టనేలేదు.

మా యత్తగారు కోపపడలేదు. “తోడుకు మజ్జిగ లేదని ఈ యింటి కోడండ్రు ఎవరును ఎన్నడును చెప్పి యెఱుగరు” అని మాత్రము అనిరి. మేము లేచి, దారము విప్పు నోపిక లేక త్రెంపి, డాంగిలు తీసికొని దొడ్డిలోనికి పరుగెత్తితిమి. అప్పటికి జీలకఱ్ఱ బెల్లము పెట్టుచుండిరి; మా తెఱ అంతటితో నిలిచిపోయెను. ఆ యమ్మాయి చేతిలో డాంగిలు పెట్టి, “అబద్ధము చెప్పితినమ్మా” అంటిమి. ఆమె తల వంచుకొని, “ఇంకను ముప్పదియైదు నిమిషములున్నవి అమ్మగారూ” అని లోపలికి పోయెను. మంగళసూత్రధారణము మేము చూడలేదు. చూడవలెనన్న మా పాత ఫోనులో చూడవచ్చును. చూడ బుద్ధి పుట్టలేదు.

ఆ సాయంకాలము మఱియొక సంగతి తలంపునకు వచ్చి మమ్ము మఱింత క్రుంగదీసెను. ఆ పెండ్లికి మేము ఫోనుద్వారానే 1,116 రూపాయలు చదివించియుంటిమి; అందుకు క్షణమైన ఆలోచింపలేదు. 450 రూపాయలు పెట్టి రెండవ డాంగిలు కొందమను తలంపు నెల దినములుగా మాకు రాలేదు. వస్తువు చిన్నది గావున దానికి కొదువ యుండునని తోచదు; కొదువ యున్నప్పుడే మన మనస్సు ఎంతటిదో బయటపడును. మఱునాడే రెండవది తెప్పించి, “ఇది నీది, తిరిగి తేనక్కఱలేదు” అని యిచ్చితిమి. ఆమె పరీక్షలో సగము వ్రాయగలిగెనని ఆమె తల్లి చెప్పగా వింటిమి. ఆమె మాత్రము ఆ మాట మాతో ఎన్నడును ఎత్తలేదు.

అనుభవముచే తెలిసిన రెండు మూడు మాటలు గృహిణులకు చెప్పెదము. డాంగిలు కొనుటకు ముందు తమ కంప్యూటరునందున్నది విండోసో, లినక్సో, మాకో తెలిసికొని, పెట్టెమీద ఆ పేరున్నదేమో చూడవలెను. క్రొత్త మాక్ కంప్యూటరులకు చవుక డాంగిలులు పెక్కు పనికిరావు. 2.4 గిగాహెర్ట్‌జు తరంగములు గోడలను మేలుగా దాటును. 5 గిగాహెర్ట్‌జుకు వేగమెక్కువ గాని దూరము తక్కువ. పెట్టెమీద 150 మెగాబిట్లని యున్నను అంత వేగము చేతికి రాదు. పాఠము వినుటకు రెండు మూడు మెగాబిట్లు చాలును గనుక బెంగ వలదు. నీలిరంగు నాలుకగల యు.ఎస్.బి. 3 రంధ్రములు 2.4 తరంగములకు కొంత గోల కలిగించును; అప్పుడు పొడిగింపు తీగ తగిలించి దూరముగ నుంచిన గుణమిచ్చును. తీగలేని మౌసుతో వచ్చు బిళ్లయు చూచుటకు ఇట్లే యుండును. మేము ఒకనాడు దానిని గ్రుచ్చి గంటసేపు వై-ఫై కొఱకు ఎదురు చూచితిమి! పసిపిల్లలు నోట పెట్టుకొనకుండ భరిణలో దాచుట మేలు.

మా పాత కంప్యూటరునందలి విండోస్ 7కు తయారీదారుల రక్షణ 2020 జనవరి 14తోనే నిలిచిపోయినదని మాకు తరువాత తెలిసినది. విండోస్ 10కిని సాధారణముగ నిచ్చు రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసెను. అట్టి యంత్రములతో బ్యాంకు పనులు చేయుట క్షేమము గాదు; అంతమాత్రమున వానిని పాఱవేయనక్కఱయు లేదు. మా కంప్యూటరులో ఉబుంటు వేసి యిచ్చినది దొడ్డియింటి యమ్మాయియే. ఆనాడు ఆమె భరిణ తెఱచి, మా మొదటి డాంగిలు తీసి గ్రుచ్చెను. డ్రైవరు అడుగకుండ దీపము వెలిగెను. “మూడు దినములు పట్టినదన్నారే, అమ్మగారూ!” అని ఆమె నవ్వగా మేమును నవ్వితిమి. అంతకు ముందు మా యిరువురి నడుమ నవ్వు లేక చాల నెలలయ్యెను.

ఆమె 2024లో బి.ఎస్‌సి. ముగించినది. ఉద్యోగము కుదిరి, తల్లిదండ్రులను తీసికొని వేఱింటికి పోవునాడు మాకు నమస్కరింప వచ్చి, చిన్న కాగితపు పొట్లమొకటి చేతిలో పెట్టెను. విప్పగా మేమిచ్చిన రెండవ డాంగిలు. “నా క్రొత్త లాప్‌టాపులో వై-ఫై ఉన్నదమ్మగారూ. ఇది ఎవరికైన అక్కఱకు వచ్చును. అడిగినవారికి ఇయ్యుడు” అనెను.

ఇప్పుడు మా భరిణ రెండు డాంగిలులది. వానిలో నొకటి ఈ నెల మా వీధి చివర బట్టలు కుట్టునామె యింటనున్నది. ఆమె కుమారుడు పరీక్షలకు చదువుచున్నాడు. మఱియొకటి గూటిలో నున్నది. ఎవరైన వచ్చి యడిగినచో, మొదట మేము వసారావైపు కిటికీని చూతుము. పిమ్మట భరిణ తీసి యిత్తుము.